స్తోత్రం లేని సాక్ష్యం

నాకు సినిమాను కుదురుగా కూర్చుని చూడడం రాదు. సంగతి తెలిసినవాళ్లు నన్ను సినిమాకు పిలవరు. మా ఆయన బతికున్న రోజుల్లో మా ఇద్దరి మధ్య ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చునేవాడు. కాలు ఊపుతాను, చెప్పులు విడిచి మళ్లీ తొడుక్కుంటాను, ఏమీ లేదని తెలిసీ సంచిలో వెతుకుతాను, అందరూ ఊపిరి బిగబట్టే చోటికి వచ్చేసరికి లేచి బయటికి పోయి నీళ్లు తాగి వస్తాను. అలాంటిదాన్ని, మొన్న కరీంనగర్‌లో స్వతంత్ర సినిమాల పండుగ పెడితే పెట్టినన్నాళ్లూ పోయాను. నా దగ్గర బడిలో తెలుగు చదువుకున్న స్వరూప దాన్ని నడిపేవాళ్లలో ఒకతె. ఇంటికి వచ్చి, మెడలో వేసుకునే కార్డు నా చేతిలో పెట్టి, "మేడం, మీకు నడిమిట్ల సీటు ఇయ్య. అంచుకు ఇస్త. ఎన్నిసార్లన్న లేచిపోండ్రి, ఎవలు ఏమనరు. కని మీరు రావాలె," అంది. నా గురించి అంత తెలిసిన పిల్లను కాదనలేకపోయాను.

అక్కడ అంతా కుర్రకారు. గడ్డాలు పెంచిన పిల్లలు, జుట్టు కత్తిరించుకున్న ఆడపిల్లలు, నల్ల చొక్కాలు, భుజాన గుడ్డసంచులు. చేతిలో చాయ్ కప్పు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మాట్లాడుకుంటున్నారు. పైసల్లేకుండా సినిమా ఎట్లా తీయాలో, తీసినదాన్ని ఎవరికి చూపించాలో, చూడనివాళ్లను ఎట్లా తిట్టాలో, అన్నీ అక్కడే తేల్చేస్తున్నారు. నాకు ముచ్చటేసింది. సినిమా అయ్యాక తీసినవాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక చురుకైన అబ్బాయి మైకు పట్టుకుని ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు: "దయచేసి ప్రశ్నలు మాత్రమే అడగండి. క్లుప్తంగా అడగండి. మీ సొంత విషయాలు వద్దు." పాపం, అతని తప్పేమీ లేదు. వెనకాల ఇంకో సినిమా ఉంటుంది, హాలు వాళ్లు తరుముతుంటారు. అయినా అతను ఆ మాట అన్నప్పుడల్లా నా కాలు దానంతట అది ఊగడం మొదలుపెట్టేది. ఏ కెమెరా వాడారు, ఆ వాన నిజందేనా, చివర్లో తలుపు ఎందుకు మూయలేదు, ఇట్లా నడిచేవి ప్రశ్నలు. మంచి ప్రశ్నలే. కానీ నేను జీవితంలో మొట్టమొదట చూసిన ఇలాంటి ముచ్చట్లో ఒక్కరంటే ఒక్కరు ప్రశ్న అడగలేదు. అది ఆసిఫాబాద్‌లో, మా మిషన్ హాల్లో జరిగింది. అడగకపోవడమే మేలైంది అని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఇల్లు మిషన్ కాంపౌండులో, హాలుకు ఆనుకునే ఉండేది. బాపు, అంటే మా నాన్న, పేరు యేసురత్నం. మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. బడి ఆయనకు తిండి పెట్టింది గానీ ఆయన ప్రాణం మాత్రం ఆ హాలు. హాలు తాళాలు ఆయన దగ్గర ఉండేవి. ఆదివారం తెల్లారకముందే తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ పోయి కిటికీలు తెరిచేవాడు, చాపలు పరిచేవాడు, గంట కొట్టేవాడు. మగవాళ్లు కుడి పక్క, ఆడవాళ్లు ఎడమ పక్క, నడుమ మనిషి నడిచేంత దారి. ఆ దారి దాటి మగవాడు ఆడవాళ్ల వైపు అడుగుపెట్టిన పాపాన పోలేదు, కానుక పళ్లెం కూడా అటువైపు ఆడమనిషే పట్టేది. పాస్టరుగారు ప్రసంగం చేస్తున్నంతసేపూ బాపు కూర్చునేవాడు కాదు. తలుపు దగ్గర నిలబడి, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఏ పిల్లవాడు చాప పుల్లలు పీకుతున్నాడు అని చూస్తుండేవాడు. తెల్లచొక్కాకు గంజి పెట్టించుకుని, ఆ మడత నలగకుండా మధ్యాహ్నం దాకా నిలబడగల మనిషి.

ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు ఉండేవి. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, సాక్ష్యం అంటే ఆ వారం దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి పదిమందికీ చెప్పడం. దానికొక పద్ధతి ఉంది. ముందు అందరికీ వందనాలు చెప్పాలి. తర్వాత వచ్చిన కష్టం చెప్పాలి, అది తీరిన తీరు చెప్పాలి, చివర దేవునికి స్తోత్రం అనాలి. అనగానే బాపు తలుపు దగ్గరి నుంచి డ్రిల్లు గొంతుతో "స్తోత్రం" అనేవాడు. ఆయన అన్నాకే మిగతా అందరూ అనేవారు. ఆయన అనకముందు ఎవరూ అనరు, అన్నాక ఎవరూ ఊరుకోరు. నీళ్లు తాగడం ఎంత అలవాటో మాకు అదీ అంతే. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె కూడా చెప్పేది. గొంతు పెద్దది కాదు, కానీ పొల్లు మాట ఉండేది కాదు. పిల్లలకు జ్వరం తగ్గిందనీ, పుంటికూర మడి పురుగు పట్టకుండా నిలిచిందనీ నాలుగు ముక్కల్లో చెప్పి, స్తోత్రం అని, చీర సర్దుకుని కూర్చునేది. అవ్వ పేరు దానమ్మ. ఆ రోజుల్లో ఆమె ఎంత నిదానం అంటే, రొట్టె తట్టేటప్పుడు చూస్తుంటే నిద్ర వచ్చేది. చెయ్యి వేగం పెరగదు, తగ్గదు. జొన్నపిండి వాసన, పుల్లల పొయ్యి పొగ, ఆ చప్పుడు, మా ఇల్లంటే అదే.

మా అన్న దావీదు దుబాయ్ పోయాడు. మా వైపు నుంచి అప్పుడప్పుడే పోవడం మొదలైంది. సుల్తానాబాద్ వైపు పిల్లలు ముందు పోయారు, వాళ్ల వెనక మావాళ్లు. పోయే ముందు ఆదివారం అన్నను హాల్లో ముందు నిలబెట్టి సంఘమంతా తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. బాపు ఆ రోజు స్తోత్రం అన్న తీరుకు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. అన్న అవ్వను చూసి కన్ను గీటాడు. తర్వాత కొన్నాళ్లకు, అన్నతో కలిసి పనిచేసిన సుల్తానాబాద్ మనిషి ఒకడు సెలవు మీద వచ్చి, ఊరు చేరకముందే మా ఇంటికి వచ్చాడు. అన్న పని చేసేచోట పైనుంచి పడ్డాడని, చనిపోయాడని, అక్కడే మట్టి చేశారని చెప్పాడు. అవ్వ వాకిట్లో కారం దంచుతోంది. నేను పక్కన జల్లెడ పడుతున్నాను. అతను చెబుతున్నాడు, అవ్వ దంచుతూనే ఉంది. బాపు వచ్చి రోకలి పట్టుకునే దాకా దంచింది.

ఆ తర్వాత మా ఇంట్లో మనుషులు తారుమారయ్యారు. నిలబడడమే తప్ప కూర్చోవడం ఎరగని బాపు గోడకు ఆనుకుని కూర్చుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. నిదానానికి పెట్టింది పేరైన అవ్వ తిరగడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెలే తోమేది, ఊడ్చిన వాకిలే ఊడ్చేది. పొయ్యి మీద పప్పు పెట్టి బస్సులు ఆగే రోడ్డుకు పోయేది. ఎవరైనా అడిగితే "ఉప్పుకు వచ్చిన" అనేది, ఉప్పు కొనకుండానే వచ్చేది. నన్ను తోడు తీసుకుని సంతలోకి పోయి, ఇప్పపూల వాసన, ఎండుచేపల వాసన దాటుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఏమీ బేరం చేయకుండా తిరిగి వచ్చేది. నా కాళ్లలో ఉన్న ఈ తిరుగుడు నాకు అప్పుడే అంటుకుంది. కుదురులేని మనిషి వెనక తిరిగి తిరిగి నేనూ కుదురు పోగొట్టుకున్నాను. డాక్టర్లు దీనికి ఏవో పేర్లు చెబుతారు, మాత్రలు రాస్తారు. వేసుకుంటాను, ఊపుతూనే ఉంటాను.

సంఘానికి మాత్రం ఒక పని మిగిలిపోయింది. చావు జరిగిన ఇంటివాళ్లు కొన్నాళ్లకు కృతజ్ఞత కూడిక పెట్టి, లేచి సాక్ష్యం చెప్పి, ఇచ్చినవాడూ ఆయనే తీసుకున్నవాడూ ఆయనే అని స్తోత్రం అనడం మా ఆచారం. బాపు కూడిక పెట్టించాడు. చాయ్ కాచారు, పాటలు పాడారు. పాస్టరుగారు మృదువుగానే అడిగారు. అవ్వ లేవలేదు. తర్వాతి ఆదివారమూ లేవలేదు. పాటలు పాడేది, మోకరించేది, కానుక వేసేది. సాక్ష్యాల వేళకు మాత్రం చాప పుల్లల్ని చూస్తూ కూర్చునేది. ఆడవాళ్లు ఇంటికి వచ్చి బుద్ధి చెప్పేవారు. "ఒక్కసారి స్తోత్రం అను దానమ్మా, గుండె తేలికయితది," అనేవారు. అవ్వ వాళ్లకు చాయ్ పోసేది. బాపు తలుపు దగ్గర నిలబడి ప్రతి ఆదివారం ఆమె వైపు ఒకసారి చూసేవాడు. తాళాలు పెట్టుకున్న మనిషి భార్యే నోరు విప్పకపోతే ఎట్లా అని బయట గుసగుసలు మొదలయ్యాయి. అవ్వ లేచి ఆ ఒక్క మాట అంటుందా అనదా అన్నదే మా ఇంట్లో గాలి పీల్చుకోనివ్వకుండా ఉండేది.

అట్లాంటి రోజుల్లో మా చిన్నబాపు శాంతరాజు, బాపుకు తమ్ముడు, కరీంనగర్ నుంచి బదిలీ అయి ఆసిఫాబాద్ కరెంటు ఆఫీసుకు వచ్చాడు. ఆయనకు సినిమా పిచ్చి. పాటలు, ఫైట్ల సినిమాలు కాదు, ఎవరూ ఆడించని సినిమాలు. కరీంనగర్‌లో అలాంటివి చూసే సంఘం ఒకటి ఉండేదట. ఇక్కడా పెడతానని కూర్చున్నాడు. ఊళ్లో టాకీసు వాళ్లు నవ్వి పంపించారు. ఇంక మిగిలింది మా హాలు. చర్చి హాల్లో సినిమా ఏమిటని కమిటీ మొహాలు మాడ్చుకుంది. బాపు పూచీ పడ్డాడు. "బూతు లేదు, తాగుడు లేదు. ముందొక ప్రార్థన, వెనకొక ప్రార్థన. ఏమన్న అయితే నన్నడుగుండ్రి," అన్నాడు. తమ్ముడి మీద ప్రేమతోనో, అవ్వ ఒక పూటైనా ఒక్కచోట కూర్చుంటుందనే ఆశతోనో నాకు తెలియదు.

సినిమా తీసిన అబ్బాయి పెట్టెలు మోసుకుని బస్సులో దిగాడు. హైదరాబాదు వాడు. సన్నగా, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. స్నేహితులను పోగేసి సుల్తానాబాద్ దగ్గర ఒక ఊళ్లో తీశాడట, ఇంకా ఎక్కడా చూపించలేదు. లోకంలో మొదట చూడబోయేది మేమే అని చిన్నబాపు కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. ఆ అబ్బాయి మధ్యాహ్నం మా ఇంట్లోనే తిన్నాడు. రొట్టె, పుంటికూర పప్పు. అవ్వ అతని వెనకే నిలబడి, కంచం ఖాళీ కాకముందే వేస్తూ పోయింది. అన్న వయసే ఉంటుంది. "సాలమ్మా," అంటే "నడిచి వచ్చినవ్, తిను," అంది. బస్సులో వచ్చానని అతను చెప్పినా ఆమె వినలేదు.

పగటి ఆట కాబట్టి హాస్టలు పిల్లల దుప్పట్లు తెచ్చి కిటికీలకు మేకులతో కొట్టారు. లోపల చీకటి, ఉక్కపోత, దుప్పట్ల ముక్కిన వాసన, ఆముదం తలల వాసన. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ప్రొజెక్టరు గరగర తిరగడం మొదలైంది. కథ పెద్దగా ఏమీ లేదు. ఒక ముసలమ్మ, కొడుకు దుబాయ్ పోయాడు. ఆమె లేస్తుంది, కల్లాపి చల్లుతుంది, పొలం పోతుంది, వస్తుంది, కొడుక్కని అన్నం తీసి మూత పెడుతుంది, తెల్లారి దాన్ని తనే తింటుంది. మాటలు తక్కువ. పిల్లలు విసుగెత్తి ఒకళ్లనొకళ్లు గిల్లుకున్నారు. నేను అవ్వనే చూస్తున్నాను, ఎక్కడ లేచిపోతుందోనని. ఆమె కదల్లేదు. చివర్లో ఒక బస్సు ఆగుతుంది, దుమ్ము లేస్తుంది, దుమ్ములోంచి కొడుకు సూట్‌కేసు పట్టుకుని దిగుతాడు. అంతే, వెలుతురు తెల్లగా మారి సినిమా అయిపోయింది. దుప్పట్లు తీశారు. ఎండ కళ్లలో కొట్టింది.

చిన్నబాపు ముందుకు వచ్చి, అబ్బాయిని పక్కన నిలబెట్టి, ఉత్సాహంగా అన్నాడు. "ఇగ డైరెక్టర్ గారితోని ముచ్చట. సిగ్గుపడకుండ్రి. ఎవలన్న లేచి మాట్లాడచ్చు." ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ హాల్లో, ప్రార్థన తర్వాత, లేచి మాట్లాడమంటే మావాళ్లకు తెలిసింది ఒకటే. యోనా తాత లేచాడు. వాంకిడి వైపు మనిషి, మాటలో మరాఠీ యాస. గొంతు సవరించుకుని, "ప్రభువు నామంల అందరికి వందనాలు. పోయిన వానకాలం నా ఎద్దు వాగుల కొట్టుకపోయింది. ఆశ ఇడిసిన. పరేషాన్ అయి ప్రార్థన చేసుకున్న. గీ సిన్మల పోరడు బస్సు దిగినట్టే బరోబర్ నా ఎద్దు వాకిట్లకొచ్చి నిలవడ్డది. దేవునికి స్తోత్రం," అన్నాడు. బాపు తలుపు దగ్గరి నుంచి "స్తోత్రం" అన్నాడు. హాలంతా అంది. డైరెక్టరు చిన్నబాపు మొహంలోకి చూశాడు. చిన్నబాపు పైకప్పు వైపు చూశాడు. ఇంకో ఆవిడ లేచి మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది. స్తోత్రం. ఇంకొకాయన అల్లుడు తాగుడు మానిన సంగతి చెప్పాడు. స్తోత్రం. "సిన్మ గురించి చెప్పుండ్రి, సిన్మ గురించి," అని చిన్నబాపు బతిమాలుతున్నాడు. "సిన్మ గురించే చెప్తున్నం గదా," అన్నాడు యోనా తాత, నొచ్చుకుని.

అప్పుడు అవ్వ లేచింది. ఆమె లేవడం కోసం సంఘమంతా ఎన్నాళ్లుగా చూస్తోందో ఆ డైరెక్టరుకు తెలియదు. పాస్టరుగారి మొహం వెలిగింది. అవ్వ కొంగు భుజం నిండా కప్పుకుని, ఎప్పటి చిన్న గొంతుతోనే మొదలుపెట్టింది.

"అందరికి వందనాలు. నేను లేచి మాట్లాడక శాన దినాలయింది. మా దావీదు మీ అందరికి ఎర్కే. గీ హాల్లకెల్లే పంపిండ్రు. సిన్మల గా తల్లి అన్నం తీసి మూత పెడ్తది. నేను గట్ల పెట్టలే. నాకు కబురు వచ్చిన్నాడు నేను కారం దంచుతున్న. చెప్పే మనిషి చెప్తనే ఉన్నడు, నా చెయ్యి ఆగలే. ఆపితే నిజమైతదని ఆపలే. గిప్పటిదాంక లోపల గదే దంచుడు. తోముతుంటె దంచుడే, నడుస్తుంటె దంచుడే. గా తల్లికి కొడుకు వచ్చిండు. నాకు సంతోషమే. నాకు రాలే. ఆని మీద పోసిన మట్టి సుత నేను సూడలే. స్తోత్రం చెప్పుమంటరు. నోరు వస్తలేదు. వచ్చిన్నాడు చెప్త." అని ఊరుకుంది. కూర్చోలేదు. చెప్పాల్సిన చివరి మాట చెప్పకుండా ఎట్లా కూర్చోవాలో ఆమెకూ తెలియలేదు. మా ఎవరికీ తెలియలేదు. "చివర స్తోత్రం చెప్పమ్మా," అన్నారు పాస్టరుగారు మెల్లగా. అవ్వ తల అడ్డంగా ఊపింది. హాలంతా బాపు వైపు తిరిగింది. ఆయన అంటే చాలు, అవ్వ అనకపోయినా అన్నట్టే అయిపోయేది, అందరం అనేసి ఇంటికి పోయేవాళ్లం.

బాపు అనలేదు. తలుపు దగ్గరి నుంచి కదిలాడు. నడుమ దారి వెంట నడుచుకుంటూ వచ్చి, ఆడవాళ్ల వైపు తిరిగి, చాప మీద అడుగుపెట్టాడు. ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని జరిగారు. ఆయన పోయి అవ్వ పక్కన నిలబడ్డాడు. చెయ్యి పట్టుకోలేదు, మాట్లాడలేదు. తాళాలు చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించి పట్టుకుని, డ్రిల్లులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు. మా బాపును నేను అంతకుముందు గౌరవించాను, భయపడ్డాను. ఆ క్షణం నుంచి ప్రేమించాను.

అంతసేపూ ఏం జరుగుతోందో అర్థం కాక నిలబడిన ఆ అబ్బాయికి ఒక్క సంగతి మాత్రం అర్థమైనట్టుంది. ముందుకు వచ్చి నడుమ దారి దగ్గరే ఆగి, "అమ్మా, నేను రాసుకున్నప్పుడైతే ఆ కొడుకు రాలేదు," అన్నాడు. "చూసేటోళ్లు ఏడ్చుకుంట పోతరని భయమైంది. నేనే బస్సెక్కించి తెచ్చిన. అది అబద్ధమైతే చెప్పు, ఆ ముక్క కోసేస్త." అవ్వ అతన్ని కాసేపు చూసింది. మధ్యాహ్నం కంచంలో రొట్టె వేస్తూ చూసిన చూపే. "కొయ్యకు బిడ్డా," అంది. "ఒక్క తల్లికన్న కొడుకు రానీ." అని కూర్చుంది. ఆమె కూర్చున్నాక బాపు మళ్లీ తలుపు దగ్గరికి పోయాడు. వెనక ప్రార్థన ఆ రోజు ఎవరూ చేయలేదు.

కమిటీ కూర్చుంది. దేవుని హాల్లో స్తోత్రం లేని సాక్ష్యం వినిపించిందంటే అది సినిమా వల్లనే అని తేల్చారు. అవ్వను ఒక్క మాటా అనలేదు, అది చెప్పాలి. హాలు ఇంక సినిమాలకు ఇవ్వకూడదన్నారు. పూచీ పడ్డవాడు తాళాలు అప్పగించాలన్నారు. బాపు వాదించలేదు. గుత్తిని పంచె కొంగుతో తుడిచి పాస్టరుగారి చేతిలో పెట్టి వచ్చాడు. తర్వాతి ఆదివారం నుంచి మగవాళ్లలో ఒకడిగా చాప మీద కూర్చునేవాడు. ఎక్కడంటే, నడుమ దారికి అంచున, అవ్వ కూర్చునే వరసకు సరిగ్గా ఎదురుగా. చిన్నబాపు నెలల తరబడి మొహం చూపించలేదు. ఇక అవ్వ. గిన్నెలు తోమడం మానిందని చెబితే అబద్ధమవుతుంది. తోమిందే తోమేది. కానీ బస్సుల రోడ్డుకు పోవడం మానేసింది. ఉప్పు కావాలంటే నన్నే పంపేది. స్తోత్రం మాత్రం చివరిదాకా అనలేదు. ఆమెను మట్టి చేసిన రోజున కొత్తగా వచ్చిన పాస్టరు ఆమె ప్రతి ఆదివారం వచ్చిన భక్తురాలని మెచ్చుకున్నాడు. నోరు వచ్చిన నాడు చెబుతానంది, రాలేదు, చెప్పలేదు. అంతకన్నా నిజాయితీగల భక్తి ఏముంటుందో నాకు తెలియదు. ఆ డైరెక్టరు తర్వాత ఏమయ్యాడో, ఆ సినిమా ఎవరు చూశారో కూడా తెలియదు. కొడుకు మాత్రం అందులో ఇప్పటికీ బస్సు దిగుతూనే ఉంటాడని అనుకుంటాను.

కరీంనగర్ పండుగ ఆఖరి రోజున చొప్పదండి అమ్మాయి తీసిన సినిమా వేశారు. మొదటిసారి బయట చూపించడం. ఏళ్లకేళ్లు గల్ఫులో ఉండి వచ్చిన తండ్రి, సొంత ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియక తడబడే కథ. ఆమె తన ఊరివాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది, వాళ్ల ఇళ్లలోనే తీసిందట. నేను రెండుసార్లు లేచి నీళ్లు తాగి వచ్చాను. అయిపోయాక దీపాలు వెలిగాయి, మైకు అబ్బాయి ఎప్పటి మాట చెప్పాడు, కెమెరా ప్రశ్న వచ్చింది, సంగీతం ప్రశ్న వచ్చింది. అప్పుడు ఊరివాళ్లలోంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది. మైకు చేతికివ్వగానే రెండు చేతులతో పట్టుకుంది. "అందరికి దండాలు. మా ఇంటాయన మస్కట్ పోయిండు. గీ సిన్మల తీర్గనే వచ్చిండు, వచ్చినంక ఇంట్ల..." అని మొదలుపెట్టింది. వేదిక మీది అబ్బాయి మర్యాదగానే, "అవ్వా, ప్రశ్న ఏమైనా ఉంటే అడగండి," అన్నాడు. ఆమె ఆగింది, అర్థం కాలేదు, మళ్లీ "వచ్చినంక ఇంట్ల" అంది. కార్యకర్త వచ్చి మెల్లగా మైకు తీసుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె కూర్చోలేదు. మైకు పట్టుకున్న చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి.

నా కాళ్లు లేచాయి. అలవాటుగా బయటికే పోతున్నాననుకున్నాను. స్వరూప కూడా అట్లాగే అనుకుని దారి ఇచ్చింది. కానీ మెట్లు దిగి, వరస మధ్యలోంచి, జనం మోకాళ్లు జరుపుకుంటుంటే, ఆ ముసలమ్మ దగ్గరికి పోయాను. పక్కన నిలబడ్డాను. ఆమె ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకు తెలియదు. హాలంతా మమ్మల్నే చూస్తోంది.

"మేడం, మీ ప్రశ్న?" అన్నాడు అబ్బాయి.

"నాకేం ప్రశ్న లేదు బిడ్డా," అన్నాను. మైకు లేకపోయినా బడిలో అరిచిన గొంతు కదా, వినిపించింది. "ఆమెది ఇంక కాలే."

చొప్పదండి అమ్మాయి కుర్చీలోంచి లేచి, వేదిక దిగి, తన చేతిలోని మైకు తెచ్చి ముసలమ్మ చేతుల్లో పెట్టి, ఎదుట మెట్టు మీద కూర్చుంది. తర్వాతి సినిమా కోసం తలుపు బయట జనం గునుస్తున్నారు. ముసలమ్మ నా వైపు తిరిగి, "యాడిదాంక చెప్పిన?" అని అడిగింది.

"మొదటిసంది చెప్పు," అన్నాను.

ఆమె మైకును సరిగ్గా పట్టుకుని, హాలంతా ఒకసారి చూసి, "అందరికి దండాలు," అని మళ్లీ మొదలుపెట్టింది.